ఇంటిపట్టున మనిషి

చుట్టి తాడు కట్టిన పరుపు వరండా గోడకు ఆనించి అట్లాగే ఉంది. లోపల పరచమని ఎవరూ అనలేదు. తిరిగి తీసుకుపొమ్మనీ ఎవరూ అనలేదు.

ఉపేందర్ ఆ పరుపునూ ఒక రేకు పెట్టెనూ ఆటోలోంచి దించి, వాడపల్లి దగ్గరి సిమెంటు ఫ్యాక్టరీలో రాజీనామా ఇచ్చి వచ్చానని చెప్పిన సోమవారం నుంచి ఇంట్లో పొయ్యి మీద పాలు పొంగినా ఎవరూ ఎవరినీ పిలవడం లేదు. త్రివేణి పొద్దున ఆ పరుపును తప్పించుకుంటూ స్కూటీ బయటికి తీస్తోంది, సాయంత్రం మళ్ళీ తప్పించుకుంటూ లోపల పెడుతోంది. భర్తకు అన్నం వడ్డించింది, తువ్వాలు అందించింది. మాట మాత్రం అందించలేదు.

ఆమె ఇన్సూరెన్స్ ఏజెంటు. సూర్యాపేటలో సగం కాలనీలు ఆమె స్కూటీ చప్పుడు గుర్తుపడతాయి. పిల్ల చదువుకు ఇంత, ముసలితనానికి ఇంత, నెలనెలా ఫండ్‌లో ఇంత అని ఇంటింటికీ తిరిగి రేపటి గురించి చెప్పే మనిషి. ఆ వారం ఎవరింట్లో కూర్చున్నా ఆమె నోట రేపు అనే మాట గట్టిగా రాలేదు.

కోదాడలో బైపాస్ దగ్గర ప్లాటుకు ఒప్పందం అయిపోయింది. అడ్వాన్సు కట్టేశారు. మిగతా సొమ్ముకు బ్యాంకు లోను ఇస్తానన్నది ఉపేందర్ జీతం చూసి. ఇప్పుడా జీతం లేదు. ఉన్నదల్లా వరండాలో పరుపు.

గురువారం సాయంత్రం ఆ మౌనం పగిలింది.

అత్త రుక్కమ్మ గడప దగ్గర కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. మామ రామనర్సయ్య మంచం మీద ఉన్నాడు. కూతురు మానస హోంవర్కు ముందేసుకుంది. చీకటి పడుతోందని ఉపేందర్ లేచి గోడ మీది స్విచ్ నొక్కాడు. లైటు వెలగలేదు. తిరుగుతున్న ఫ్యాను ఆగింది.

"డాడీ, అది ఫ్యానుది. లైటుది కింద ఉన్నది" అని మానస నవ్వింది.

ఇంకెవరూ నవ్వలేదు. ఉపేందర్ చేయి బోర్డు మీదే ఉండిపోయింది.

"ఐటిఐ అయిన సంది కరెంటు పనే చేస్తున్న" అన్నాడు, ఎవరితోనో తెలియకుండా. "ఫ్యాక్టరీల కళ్ళు మూసుకొని ఏ మోటరు ఏ లైన్ల ఉన్నదో సెప్త. నా ఇంట్ల లైటు ఏ బటన్‌కు వెలుగుతదో నాకు తెల్వది."

రామనర్సయ్య అప్పటిదాకా కొడుకుతో మాట్లాడలేదు. ఇప్పుడు మంచం మీద లేచి కూర్చున్నాడు.

"బటన్‌దేమున్నది, రేపటికి నేర్సుకుంటవ్. జీతం ఎవడిస్తడు?"

ఆయన ఆగలేదు. మందలో మంచి గొర్లన్నీ అమ్మి చదివించిన సంగతి చెప్పాడు. వానలో తడిసి, ఎండలో మాడి, చేల వాళ్ళతో తిట్లు తిని బతికిన బతుకు చెప్పాడు. నెల తిరగ్గానే చేతిలో పడే జీతం కోసమే అదంతా చేశానన్నాడు. చివరికి గొంతు తగ్గించి, "నా లెక్క కావద్దనే గదరా" అన్నాడు.

రుక్కమ్మ చేతిలో చిక్కుడుకాయ ఆగింది.

"నీ లెక్కనే అయిండు గద" అంది.

రుక్కమ్మ ఆ ఇంట్లో భర్త మాటకు అడ్డం మాట్లాడే మనిషి కాదు. మామ ఏదన్నా అంటే తల దించుకుని పనిలో పడిపోవడమే త్రివేణి చూసింది. అందుకే తనూ మానసా కూడా అటు తిరిగారు.

"శివరాత్రి దాటంగనే మందను తోలుకొని కిష్ణ ఒడ్డుకు పోయేటోనివి. తొలకరి పడ్డంకనే నీ మొకం సూసేది. వీడు పుట్టినప్పుడు నువ్వు గీడ లేవు. నడక నేర్సినప్పుడు లేవు. వచ్చిననాడు నిన్ను సూసి ఎవరో అనుకొని ఏడ్సిండు." ఆమె ఇంకో కాయ అందుకుంది. "నువ్వు గొర్ల ఎనక పోయినవ్. వీడు సిమెంటు ఎనక పోయిండు. మేము ఇంటికాడ ఉన్నం. మీకెట్లున్నదని మమ్మల్ని ఒక్కరు అడగలె."

రామనర్సయ్య గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

తెల్లారి ఆయన రుమాలు చుట్టుకుని, మాడుగులపల్లిలో చెల్లెలింటికి పోతున్నానని చెప్పి కర్ర పట్టుకుని వెళ్ళిపోయాడు. ఎప్పుడొస్తావని ఎవరూ అడగలేదు.

*

అత్త మాట త్రివేణిని కూడా పొడిచింది. మీకెట్లున్నదని అడగలేదు అంది అత్తమ్మ, తనను కూడా కలుపుకుని. కాని అత్తమ్మ ఎదురుచూసింది. తాను చూసిందా?

మొదటి ఏడాది చూసింది. అతని వారపు సెలవు నాడు పూలు పెట్టుకుని, అతను గది తీసుకుని ఉండే మిర్యాలగూడ నుంచి బస్సు వచ్చే వేళకు వాకిట్లో నిలబడేది. తర్వాత మానస, స్కూలు, తన పాలసీలు, తన టార్గెట్లు. ఎప్పుడో ఒకనాడు వాకిట్లో నిలబడటం మానేసింది. ఆ సెలవు రోజు క్రమంగా ఒక కూర ఎక్కువ వండే రోజు, నాలుగు బట్టలు ఎక్కువ ఉతికే రోజు అయింది. ఒకటో తారీఖు జీతం పడ్డ మెసేజ్ వచ్చినప్పుడు కలిగే నిబ్బరం మనిషి వచ్చినప్పుడు కలగడం లేదని ఇప్పుడు తట్టింది.

భయం జీతం పోయినందుకు మాత్రమే కాదు. రోజూ ఇంట్లో ఉండే ఈ మనిషితో ఏం మాట్లాడాలో ఆమెకు తెలియదు.

శనివారం మధ్యాహ్నం అతను వాకిట్లో ఆమె స్కూటీ కడుగుతున్నాడు. త్రివేణి వచ్చి మెట్టు మీద కూర్చుంది. ఇంతకీ ఏం చేద్దామనుకున్నావని అడిగింది. నాగరాజు అనే దోస్తుకు మార్కెట్ రోడ్డులో మోటార్లు బాగుచేసే దుకాణం ఉంది. అతనికి తోడు కావాలి. పొలాలకు నీళ్ళు పెట్టే కాలంలో చేతినిండా పని, మిగతా నెలల్లో అంతంత మాత్రం. ఫ్యాక్టరీ జీతంలో సగం వస్తే గొప్ప. అతను ఏదీ దాచకుండా చెప్పాడు.

"మరి కోదాడ ప్లాటు?"

"నువ్వు ఎట్లంటే అట్ల."

త్రివేణికి ఆ వారమంతా రాని కోపం అప్పుడొచ్చింది.

"రాజీనామా నన్నడిగి ఇచ్చినవా? అప్పుడు నీ ఇష్టం. ఇప్పుడు లెక్క కుదరకపోతే నా ఇష్టమా?"

"అడిగితే వద్దంటవని తెలుసు."

"అవు, వద్దనేదాన్నే. అయినా అడగాలె."

అతను తడిగుడ్డ పిండి హ్యాండిల్ మీద ఆరేశాడు. దాని అంచులు సర్దాడు. సర్దాల్సినంత లేదు.

"నిరుడు ఒకనాడు నేనొచ్చిన" అన్నాడు మెల్లగా. "నువ్వు ఫోన్ల ఎవరికో పాలసీ గురించి సెప్తున్నవ్. నన్ను సూసి, కూసోమని సైగ చేసినవ్. ఇంటికొచ్చిన సుట్టాన్ని కూసోమన్నట్టు. నీ తప్పు గాదు త్రివేణీ. నేను సుట్టమే గద. ఆనాటి సంది నాకు గాడ డ్యూటీల మనసు పట్టలె."

ఆమెకు ఆ రోజు గుర్తు లేదు.

"రేపు కోదాడ పోదాం" అంది. "ఇద్దరం పోదాం."

*

బస్సులో త్రివేణి ఆధార్ కార్డు చూపించి ఆడవాళ్ళకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్ తీసుకుంది. కండక్టర్ ఉపేందర్ దగ్గర పైసలు తీసుకున్నాడు. అతను తన టికెట్టును జేబులో పెట్టుకుంటూ, "నీతోని తిరిగితే సగం ఖర్సే" అన్నాడు.

నవ్వకూడదనుకుంది. నవ్వొచ్చింది. కిటికీ వైపు తిరిగి నవ్వింది కాని అద్దంలో అతనికి కనపడింది.

ప్లాటు అమ్ముతున్నావిడ ఆండాలు టీచర్, రిటైరై కోదాడలోనే ఉంటోంది. గుమ్మంలోనే ఎదురొచ్చి, "రండమ్మా, ఎండనపడి వచ్చారు" అని మజ్జిగ ఇచ్చింది. విషయం విన్నాక మాత్రం మజ్జిగ ఇచ్చినంత తేలిగ్గా తలూపలేదు.

"ఒప్పందం ఒప్పందమేనమ్మా. మీరిచ్చిన డబ్బు పెట్టి మా అమ్మాయి ఆసుపత్రికి సామాను కొనేశాం. వెనక్కి ఇవ్వమంటే ఎక్కడి నుంచి తేనూ? మీరు మానుకుంటే అడ్వాన్సు పోయినట్టే. మొహమాటం లేకుండా చెబుతున్నాను, ఏమీ అనుకోకండి."

ఉపేందర్ లేవబోయాడు. అతని వైపు నుంచి సంగతి తేలిపోయింది. పోయింది పోయింది, ఇంటికి పోదాం అన్నట్టుంది అతని ముఖం.

త్రివేణి లేవలేదు. వద్దన్న వాళ్ళింట్లో ఇంకో గంట కూర్చోవడమే ఆమె వృత్తి. ప్లాటును మనసులో ఒకసారి చుట్టి వచ్చింది. రోడ్డు వైపు వెడల్పు బాగా ఉంది, లోతు తక్కువ. మధ్యన నిలువుగా గీత గీస్తే రెండు ముక్కలకూ రోడ్డు వస్తుంది.

"టీచర్‌గారూ, సగం మాకియ్యండి" అంది. "మేమిచ్చిన అడ్వాన్సు ఆ సగానికి పట్టుకోండి. మిగిలేది ఎక్కువుండదు, లోను లేకుండనే నా కమీషన్ల మీద సర్దుత. రెండో సగం చిన్న ముక్క. చిన్న ముక్కలకు గిరాకీ ఎక్కువ, నాకన్న మీకే తెలుసు."

ఆండాలు టీచర్ వెంటనే ఒప్పుకోలేదు. ముక్కలు చేస్తే ధర పడిపోతుందంది. పడదని త్రివేణి చెప్పింది. గజానికి ఇంత పెంచమంది. అంత కాదు ఇంత అని త్రివేణి అంది. పక్కింటాయన ఇదివరకే చిన్న జాగా ఉందా అని అడిగాడన్న సంగతి మాటల్లో బయటపడేసరికి త్రివేణి గొంతు ఇంకొంచెం నెమ్మదించింది. రెండోసారి మజ్జిగ వచ్చేసరికి మాట కుదిరింది. దసరాకు కట్టవలసింది దీపావళికి జరిగింది కూడా.

బయటికి వచ్చి కొంత దూరం నడిచాక ఉపేందర్ ఆగాడు.

"నువ్వు గిట్ల మాట్లాడుతవని నాకు తెల్వది."

"ఎట్ల?"

"బయపడకుంట. కోపం లేకుంట." అతను భార్యను ఇంకోసారి చూశాడు. "పెద్ద ప్లాటు నీకు మస్తు ఇష్టం గద. మూల మీదికి ఇల్లు, ముంగట నీ ఆఫీసు అంటుంటివి."

"సగంల ఇల్లు పడ్తది. ఆఫీసు సంగతి తర్వాత సూద్దాం." చెప్పాక తనకే ఆశ్చర్యమైంది. ఆ మాటకు ఎక్కడా నొప్పి కలగలేదు. పెద్ద ప్లాటు పోయిందన్న బెంగ వెతికి చూసుకుంటే కొంచెం ఉంది. అంతకంటే ఎక్కువగా ఆకలి ఉంది.

బస్టాండ్ పక్కన హోటల్లో అన్నం తిన్నారు. వంకాయ కూర నోట్లో పెట్టుకుని ఉపేందర్ పెదవి విరిచాడు. నూనెలో వంకాయ మగ్గకముందే కారం వేశారని, తనైతే కొంచెం నువ్వులపొడి వేస్తానని అన్నాడు. త్రివేణి తినడం ఆపి చూసింది. రూములో వంట ఎప్పుడూ తనదేనని, జైరాంకు అన్నం వార్చడం కూడా రాదని అతను చెప్పాడు. జైరాం అతనితో పాటు మిర్యాలగూడలో ఒకే గదిలో ఉండే తోటి పనివాడు.

"ఇన్నేండ్లల్ల ఇంట్ల ఒక్కనాడు సెప్పలె."

"వచ్చిన ఒక్కనాడు నువ్వు వండి పెడ్తుంటివి. ఎందుకు సెప్త?"

అయితే రేపు వంకాయ నువ్వే వండు అని ఆమె అంటుండగా అతని ఫోన్ మోగింది. జైరామే.

ఉపేందర్ విన్నాడు. "ఎప్పుడు?" అన్నాడు. "ఎవరితోని?" అన్నాడు. ఫోన్ కింద పెట్టి, కలిపిన ముద్ద అట్లాగే వదిలేసి చేయి కడుక్కున్నాడు.

నాయిన మాడుగులపల్లి నుంచి పొద్దున్నే వాడపల్లికి పోయాడట. ఫ్యాక్టరీ గేటు దగ్గర రుమాలు పరుచుకుని కూర్చున్నాడట. సెక్యూరిటీ వాళ్ళు ఎంత చెప్పినా లేవకపోతే చివరికి ఆదివారమైనా డ్యూటీలో ఉన్న మేనేజరే పిలిపించి మాట్లాడాడట. జైరాం డ్యూటీ దిగి ఆయన్ను రూముకు తీసుకొచ్చాడు.

సూర్యాపేట బస్సు ఎదురుగా కదలడానికి సిద్ధంగా ఉంది. త్రివేణి దాని వంక చూడనైనా చూడలేదు. హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ పోయే బస్సు ఎక్కడాగుతుందో కనుక్కుని ముందు నడిచింది.

*

ఆ గది ఆమె ఎప్పుడూ చూడలేదు. రైసు మిల్లు వెనక సందులో పై అంతస్తు. మెట్ల మీద ఊక బూడిద, గాలిలో ఉడికిన వడ్ల వాసన. లోపల రెండు ఇనుప మంచాలు, మూలన స్టవ్వు, ఒక కిటికీ. కిటికీ తెరిస్తే మిల్లు గొట్టమే, ఆకాశం కనపడదు.

అతని మంచం తల వైపు గోడ మీద, సున్నం అరిగి, గుండ్రంగా ఒక జిడ్డు మరక ఉంది. రోజూ తల ఆనిన చోటు. త్రివేణి దాని మీద చేయి పెట్టి తీసింది. మానస మాటలు నేర్చినన్నాళ్ళూ, స్కూలుకు పోయినన్నాళ్ళూ, తాను ఒక్కో పాలసీ కట్టిస్తూ, ఇదిగో ఇన్ని దాచామని సంతోషించినన్నాళ్ళూ ఈ తల ఇక్కడుంది.

రామనర్సయ్య ఆ మంచం మీదే కూర్చుని ఉన్నాడు. కొడుకును చూడగానే లేచి నిలబడ్డాడు, తప్పు చేసిన వాడిలా కాదు, పని పూర్తి చేసిన వాడిలా. జైరాం చాయ తెస్తానని కిందికి దిగిపోయాడు.

"సారు మంచోడు" అన్నాడు రామనర్సయ్య. "కుర్సీ ఏసి కూసోబెట్టిండు. నీ రాజీనామా కాయితం ఇంకా పైకి పంపలేదంట. జీతం కూడ జర పెంచుత అన్నడు. రేపు సోమారం డ్యూటీకి వస్తడని నేను మాటిచ్చిన."

"నన్ను అడగకుంటనా నాయినా?"

ఆ మాట అనగానే ఉపేందర్ భార్య వైపు చూశాడు. వెంటనే తల దించుకున్నాడు.

రామనర్సయ్య కోడలి వైపు తిరిగాడు. "నువ్వు సెప్పు బిడ్డా. నువ్వు లెక్క తెలిసినదానివి. నీ మాట వింటడు."

నిజమే. ఈ వారం మొదట్లో అయితే మామ చెప్పిందే తనూ చెప్పేది. పెంచుతామన్న జీతం ఎంతో కూడా అడిగేది. త్రివేణి మంచం అంచున కూర్చుంది.

"మామా, నువ్వు కిష్ణ ఒడ్డుకు మందను తోలుకొని పోయేటప్పుడు అత్తమ్మ ఎన్నడన్న పోవద్దన్నదా?"

ఆయన ఆలోచించాడు. గురువారం సాయంత్రం నుంచి ఆయన ఆలోచిస్తున్నది అదేనేమో, జవాబుకు ఎక్కువసేపు పట్టలేదు.

"అనలె. సద్ది కట్టిచ్చేది, గొంగడి మడిసి ఇచ్చేది. పోవద్దని ఎన్నడు అనలె." కర్ర మీద చేయి మార్చుకున్నాడు. "ఒక్కపారి అంటే ఆగుదునేమో."

కింద మిల్లులో ఏదో మిషన్ ఆగింది.

త్రివేణి భర్త వైపు తిరిగింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అతనికి ఎన్నో చెప్పింది. బస్సు తప్పిపోతుంది తొందరగా వెళ్ళు అంది. రాత్రి షిఫ్టుకు అలవెన్సు ఎక్కువ కదా, చేయరాదా అంది. ఈ మాట మాత్రం అనలేదు.

"నేనంటున్న" అంది. "పోకు."

ఉపేందర్ గోడకు ఆనుకున్నాడు. ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాడు. అతని భుజాలు మెల్లగా దిగడం ఆమె చూసింది, చాలా దూరం మోసుకొచ్చిన మూట దించినప్పటిలా.

"మరి నేనిచ్చిన మాట?" అన్నాడు రామనర్సయ్య. ఆ గొంతులో కోపం లేదు. ఉన్నది భయం. ఒకరికి మాటిచ్చి తప్పడం ఆయన ఎరగడు.

ఉపేందర్ ఫోన్ తీసి మేనేజరు నంబరు కలిపాడు. అటు మోగుతున్న చప్పుడు ముగ్గురికీ వినిపించింది. అటు నుంచి హలో అన్నారు.

"సార్, నేను ఉపేందర్‌ను. మా నాయిన పొద్దుగాల—"

"జర నాకియ్యి" అని రామనర్సయ్య చేయి చాపాడు. "మాటిచ్చింది నేను."

ఉపేందర్ కాసేపు తండ్రి చేతిని చూసి, ఫోన్ ఇచ్చాడు. ముసలాయన దాన్ని రెండు చేతులతో పట్టుకుని చెవికి ఆనించుకున్నాడు. ఒకసారి కొడుకును, ఒకసారి కోడలిని చూశాడు.

"సారూ, దండాలు. నేను రామనర్సయ్యను. పొద్దుగాల నీకొక మాట సెప్పిన గద..."

అని ఆగి, "ఆ మాట తప్పుతున్న సారూ, నా కొడుకు ఇగ రాడు" అన్నాడు. త్రివేణి లేచి ఉపేందర్ పక్కన గోడకు ఆనుకుని నిలబడింది.